లెక్కలోకి రాని ఉప్పెన

కిందటి వారం డింగెనాను రొట్టెల కొట్టు ముందు వదిలేశాం. తలుపు మీద చెయ్యి వేసి, లోపలికి వెళ్ళాలా వద్దా అని ఆలోచిస్తూ నిలబడి ఉంది. మరిచిపోయినవాళ్ళ కోసం జరిగింది క్లుప్తంగా చెప్పుకుందాం. నవంబరులో ఓస్టర్‌వేర్ ఊరి కరకట్ట జారిపడి, ఆమె భర్త క్రైన్ దాని కింద పోయాడు. గాలివాన వచ్చినప్పుడల్లా జంటలు జంటలుగా కట్ట మీద నడిచి కాపలా కాసే దళంలో అతనొకడు. అతని జత నెల్లా, ఈ కొట్టు యజమానురాలు. ఆమె బతికి బయటపడింది. క్రైన్‌ను ఒంటరిగా వదిలి పారిపోయిందని ఊరంతా అంటోంది. ఆమె కాదనలేదు. ఇక డింగెనా ఎవరంటే, ఆ కట్ట ఎంత ఎత్తుండాలో లెక్క కట్టిన మనిషి. నాలుగు వేల ఏళ్ళకొకసారి వచ్చే ఉప్పెనకైనా తట్టుకుంటుందని తేల్చింది ఆవిడే. ఊళ్ళో ఆమెను లెక్కలమ్మ అంటారు.

నిన్న శనివారం మళ్ళీ పెద్ద ఉప్పెన వచ్చింది. బాగుచేసిన కట్ట ఓర్చుకుంది. ఇవ్వాళ సాయంత్రం పోటుకు ఇంకొకటి రాబోతోంది కానీ అది నిన్నటి దానికంటే చిన్నదని వాతావరణం వాళ్ళు చెప్పారు. చీకటి పడకముందే కాపలాదళం గోదాం దగ్గర చేరుతుంది. అక్కడికి డింగెనా వచ్చి కాస్త ధైర్యం చెప్పాలని కరకట్టల పెద్ద బౌదవైన్ కోరాడు. కొడుకు నడిచిన చోట ఈసారి తానే నడుస్తానని ఆమె మామగారు మారినస్ పట్టుబట్టాడు. ఆమె వద్దంటే, "నా కొడుకుని వదిలేసి వచ్చినదాన్ని ముందు కారణం అడుగు, తరవాత నాకు చెబుదువుగాని" అన్నాడు. అందుకే ఆమె ఈ గుమ్మం దాకా వచ్చింది.

డింగెనా తలుపు తోసింది.

కొట్టులో ఎవరూ లేరు. ఆదివారం మధ్యాహ్నం చర్చి నుంచి వచ్చేవాళ్ళతో నిలబడే చోటు కూడా ఉండకూడని వేళ. అద్దాల అరలో దాల్చినచెక్క పాకం పట్టిన తీపి రొట్టెలు, బోలస్‌లు, పొద్దున పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. నెల్లా గల్లా వెనక స్టూలు మీద కూర్చుని కాపలాదళం బూట్లకు లేసులు ఎక్కిస్తోంది. తలెత్తి చూసి, ఆశ్చర్యపోకుండా, లేచి కాఫీ పోసింది. ఒక పళ్ళెంలో బోలస్ పెట్టి డింగెనా ముందుకు జరిపింది.

డింగెనా తిన్నది. తీపి అని నాలుకకు తెలుస్తోంది కానీ ఆ కబురు ఇంకెక్కడికీ చేరడం లేదు. రెండు నెలలుగా అంతే. క్రైన్‌ను పూడ్చిన రోజు అందరూ ఆమె ముఖం వంక చూస్తూంటే, ఆమె మాత్రం పాదిరిగారి బూటు మీది బురద వంక చూస్తూ ఉండిపోయింది. రాయి అన్నారు కొందరు. చదువుకున్నవాళ్ళు అంతేలే అన్నారు ఇంకొందరు. ఏడవాలని ఆమె కూడా ప్రయత్నించింది. పడకగదిలో తలుపు వేసుకుని, అతని చొక్కా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, కాసేపటికి ఆ చొక్కాకు గుండీ ఊడిందని గుర్తొచ్చి, కుట్టి, మడిచి, అలమరలో పెట్టేసింది.

"ఎందుకు వదిలేశావ్?" అని అడిగింది ఇప్పుడు. గొంతులో కోపం ఉండాలని ముందే అనుకుంది. బస్సు ఎన్నింటికని అడిగినట్టు వచ్చింది.

నెల్లా బూటు కింద పెట్టింది. చెబితే నీకే మంచిది కాదు అంది. డింగెనా కదల్లేదు. అప్పుడు నెల్లా, పిల్ల పాఠం అప్పజెప్పినట్టు, తడుముకోకుండా మొదటినుంచీ చెప్పుకొచ్చింది. చాలాసార్లు లోపల్లోపల చెప్పుకున్న మాటలని వింటుంటేనే తెలిసిపోయింది.

నవంబరులో కూడా ఇదే వరస. మొదటిరోజు పెద్ద ఉప్పెన వచ్చి వెళ్ళింది. మర్నాడు సాయంత్రం దానికంటే చిన్నది వచ్చింది. ఇద్దరూ కట్ట లోపలి వాలు వెంట, అంటే ఊరి వైపు వాలు వెంట నడుస్తున్నారు. ఒకచోట నెల్లా కాలు చీలమండ దాకా గడ్డిలోకి దిగిపోయింది. లాగి తీస్తే గుంటలో నీళ్ళు ఊరాయి. సముద్రం కట్టకు అవతల, ఇంకా దిగువనే ఉంది. ఈ నీళ్ళెక్కడివి అని ఆమెకు భయం పుట్టింది. దిగిపోదాం, వెళ్ళి గోదాంలో చెబుదాం అంది.

"దానికి మీ ఆయన ఏమన్నాడో తెలుసా? నవ్వాడు" అంది నెల్లా. "నువ్వెళ్ళి చెప్పిరా, నేనిక్కడే ఉంటా అన్నాడు. నిన్నటిదీ ఇవ్వాళ్టిదీ రెండు కాదు నెల్లా, మా ఆవిడ లెక్కలో ఇది ఒకటే ఉప్పెన అన్నాడు. మూడు రోజుల లోపు వస్తే ఒకటే. పెద్దది నిన్ననే వెళ్ళిపోయింది, ఇది దాని తోక, ఇది లెక్కలోకి రాదు అన్నాడు. లెక్కలమ్మ మొగుడు చెబుతుంటే నేనేం కాదంటాను? వెళ్ళాను. మెట్లు దిగుతుంటే వెనక చప్పుడైంది. పెద్ద చప్పుడు కూడా కాదు. తిరిగి చూస్తే వాలు లేదు."

డింగెనా కాఫీ కప్పును సాసరులో సరిగ్గా మధ్యకు జరిపింది.

మూడు రోజుల నియమం. ఆ పనిలో ఉన్నవాళ్ళెవరికీ అది వింత కాదు. అరుదుగా వచ్చే ఉప్పెనలు ఎన్నేళ్ళకొకసారి వస్తాయో తేల్చాలంటే, పాత కొలతల్లోంచి పెద్ద పెద్దవి ఏరుకోవాలి. ఏరినవి ఒకదానితో ఒకటి సంబంధం లేనివై ఉండాలి. ఒకే గాలివాన రెండుసార్లు పోటెక్కిస్తే దాన్ని రెండుగా రాసుకోవడం దొంగలెక్క. ఒకే పెళ్ళికి వచ్చిన చుట్టాలు పొద్దునా సాయంత్రమూ భోంచేశారని ఊరి జనాభా రెట్టింపు రాసుకోం కదా. అందుకని మూడు రోజుల లోపు రెండొస్తే పెద్దదాన్ని ఉంచుకుని చిన్నదాన్ని కొట్టేస్తారు. ఎత్తు లెక్క వరకు ఇందులో తప్పేమీ లేదు. కట్ట ఎంత ఎత్తుండాలని అడిగారు, ఎంత ఎత్తో చెప్పారు. కానీ పెళ్ళిలో వంటవాడికి రెండు పూటలూ రెండు పూటలే. మొదటి ఉప్పెన నీళ్ళు తాగి మెత్తబడిన మట్టి మీదికి రెండోది వస్తే అది చిన్నదా పెద్దదా అని కట్ట అడగదు. గోరుచుట్టు మీద రోకటిపోటును లెక్కలవాళ్ళు ఒకటే దెబ్బగా రాసుకున్నారు.

ఈ నియమం క్రైన్‌కు ఎలా తెలిసిందో డింగెనాకు గుర్తుంది. ఒకరోజు వంటింట్లో బంగాళదుంపల తొక్కు తీస్తూ అతనే అడిగాడు, రెండు గాలివానలు వెంటవెంటనే వస్తే ఒకటో రెండో ఎలా తెలుస్తుందని. ఆమె చెప్పింది. అతను కాసేపు ఆలోచించి, "మరి ఆ సంగతి సముద్రానికి చెప్పారా?" అన్నాడు. ఆమె నవ్వింది. అతను కూడా నవ్వాడు. తొక్కు తీసిన దుంపను గిన్నెలో వేశాడు. అంతే జరిగింది. వేళాకోళంగా అడిగినవాడు, ఆమె నవ్వును జవాబు కింద తీసుకుని, నమ్మేసి, దాన్ని వెంటబెట్టుకుని కట్టెక్కాడు.

ఇప్పుడైనా ఏడుపు రావాలి అనుకుంది డింగెనా. కళ్ళు పొడిగానే ఉన్నాయి. వేళ్ళకంటిన పాకం మాత్రం జిగురుగా తెలుస్తోంది.

"ఎవరికైనా చెప్పావా?"

"చెప్పలేదు, చెప్పను కూడా" అంది నెల్లా. "పారిపోయాననే అనుకోనీ. ఊళ్ళో కొనకపోతే పక్క ఊరికి పంపించుకుంటున్నా. మొగుడు పోయినదాని నెత్తిన వెయ్యాల్సిన మాట కాదిది."

"మరి నాకెందుకు చెప్పావ్?"

"అడిగావు గనక. పైగా ఇవ్వాళ మళ్ళీ రెండోది వస్తోంది. ఎవరో ఒకరు ఆలోచించాలి కదా, నాకంత బుర్ర లేదు."

నెల్లా బూట్లు తొడుక్కుంది. నారింజ రంగు కోటు వేసుకుంది. నాతో జతకట్టడానికి ఎవరూ ముందుకు రారు, అయినా వెళ్ళి నిలబడడం నా వంతు అంది. ఇద్దరూ కలిసి బయటికి వచ్చి, వీధిలో ఒకరికొకరు సంబంధం లేనట్టు నడిచారు.

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. ఓస్టర్‌వేర్ వాళ్ళు ఉండేదే పల్లంలో కాబట్టి మొదటి సగం వాళ్ళకు ఎవరూ నేర్పనక్కర్లేదు. రెండో సగం దేవుడి మీద వదిలెయ్యడం ఇష్టం లేకనే డింగెనాలాంటి వాళ్ళను పెట్టుకున్నారు. గోదాంలో ఆమె అడుగుపెట్టగానే బల్లల మీద కూర్చున్నవాళ్ళు జరిగి దారిచ్చారు. ఇసుక బస్తాలూ పారలూ గోడ వారగా సిద్ధంగా ఉన్నాయి. చిక్కటి శనగల సూపు ఆవిరి కిటికీ అద్దాలకు పట్టింది. ముందు వరసలో మారినస్ కూర్చుని ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి, దళంవాళ్ళ నారింజ కోటు తొడుక్కుని, గుండీలన్నీ మెడ దాకా పెట్టుకుని, చేతికర్ర మోకాళ్ళ మధ్య నిలబెట్టుకున్నాడు. కోడలిని చూసి పక్కన చోటు చూపించాడు. ఆమె వెనకాలే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డ నెల్లాను మాత్రం చూడలేదు.

బౌదవైన్ సరదా మనిషి. ఎన్నికలు దగ్గరపడితే ఇంకా సరదాగా ఉంటాడు. నిన్నటిది అత్తగారైతే ఇవ్వాళ్టిది ఆడబిడ్డ, అత్తగారిని పంపించేసినవాళ్ళకు ఆడబిడ్డ ఒక లెక్కా అన్నాడు. అందరూ నవ్వారు. మన కట్ట ఎంత గట్టిదో కట్టినవాళ్ళం మేం చెబితే సొంత డబ్బా అంటారు, లెక్క కట్టినావిడ ఇక్కడే ఉంది, ఆవిడే చెబుతుంది అని డింగెనాను పిలిచాడు.

ఆమె లేచింది. ముప్ఫైమంది ముఖాలు. వీళ్ళలో సగంమంది క్రైన్ శవపేటిక మోయడానికి ఒకరి తరవాత ఒకరు భుజం పట్టినవాళ్ళే. ఏం చెప్పాలో ఆమె సిద్ధం చేసుకోలేదు. చెప్పకుండా ఉండాలంటే ఏం చెయ్యాలో మాత్రం వీధి పొడుగునా ఆలోచించింది. ఒంట్లో బాగోలేదని వెళ్ళిపోవచ్చు. నిన్నటి దానికంటే చిన్నదే అని చెప్పి కూర్చోవచ్చు. అది అబద్ధం కూడా కాదు.

"ఇవ్వాళ కట్టెక్కకండి" అంది.

ఎవరో సూపు తాగుతున్న చెంచా గిన్నెలో పెట్టిన చప్పుడు వినిపించింది.

బౌదవైన్ నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది. "ఇవ్వాళ్టిది నిన్నటికంటే రెండడుగులు తక్కువ కదమ్మా?"

"తక్కువే."

"మరి?"

"నిన్నటి నీళ్ళు ఇంకా కట్టలోనే ఉన్నాయి."

అతను పిల్లవాడికి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు. నాలుగు వేల ఏళ్ళ మాట మీరు రాసిచ్చిందే, నేను ఊరూరా తిరిగి చదివి వినిపించిందే, ఇప్పుడు కాదంటే జనం నన్నేమంటారు అన్నాడు. డింగెనా అతనికి సమాధానంగా మొత్తం చెప్పింది. ఆ లెక్క ఒక్క ఉప్పెన ఎత్తు గురించి. జంటగా వచ్చినవాటిలో చిన్నవాటిని ఏరి పారేశాం. కట్టను జార్చేవి అలాంటివే కావచ్చు. వాటిని మళ్ళీ కలిపి లెక్కేస్తే ఎన్నేళ్ళకొకసారి వస్తుందో ఇంకా చూడలేదు, నాలుగు వేలు మాత్రం కాదు. ఈ ఒక్క చలికాలంలోనే ఇది రెండోసారి. కట్ట మీద మనుషులు వద్దు, కట్టను ఆనుకున్న పల్లపు వీధులు పోటు రాకముందే ఖాళీ చేయించాలి. అంతా ఒకే గొంతుతో చెప్పింది. తన నోటినుంచే వస్తున్నా, రేడియోలో వార్తలు వింటున్నట్టుంది ఆమెకు.

బౌదవైన్ వాదిస్తున్నాడు. చలిలో ముసలివాళ్ళనూ పసిపిల్లలనూ ఎక్కడికి తరలించను, తీరా కట్టకేమీ కాకపోతే నా ముఖం ఎక్కడ పెట్టుకోను అంటున్నాడు. అంతలో మారినస్ చేతికర్ర ఊనుకుని లేచాడు. ఆయన లేస్తే గోదాంలో మాటలు ఆగిపోయాయి.

"ఈ మెత్తబడే సంగతి క్రైన్‌కు తెలుసా, తల్లీ?" అన్నాడు. "తెలిస్తే దిగొచ్చేవాడే. వాడు మొండివాడే కానీ తెలివితక్కువవాడు కాదు. మరి ఎందుకు ఆగాడు?"

గదిలో అందరూ ఒక్కసారి తలుపు వైపు చూశారు. ఎందుకు ఆగాడో వాళ్ళకు తెలుసు. జత వదిలేసి పోయింది, బరువు ఒక్కడి మీద పడింది. రెండు నెలలుగా వాళ్ళు చెప్పుకుంటున్న కథ అది. నెల్లా గోడకు ఆనుకుని నేల వైపు చూస్తోంది. డింగెనా వంక ఒక్కసారి చూసి, చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

చెప్పకపోతే ఆ నింద నెల్లా మీదే ఉండిపోతుంది. చెబితే ఈ ముసలాయన కొడుకును ఏది చంపిందో ఈయనకు కోడలి నోటే తెలుస్తుంది. ఈయన ఆమెను పెళ్ళినాటి నుంచీ కూతురి కంటే ఎక్కువ చూసుకున్నాడు. క్రైన్ పోయాక వారం వారం చేపలు తెచ్చి, శుభ్రం చేసి, వండి, ఎదురుగా కూర్చుని తినిపించి వెళ్ళింది ఈయనే.

"నెల్లా పారిపోలేదు, మామయ్యా" అంది డింగెనా. "దిగుదామని చెప్పింది. క్రైన్ ఆగిపోయాడు. మూడు రోజుల లోపు వచ్చే రెండో ఉప్పెన లెక్కలోకి రాదని ఆయనకు చెప్పింది నేను. లెక్కలోకి రాదంటే రాదనుకున్నాడు. నా మాట నమ్మాడు."

మారినస్ ఆమెను చాలాసేపు చూశాడు. అరుస్తాడనుకున్నారు. ఆయన కర్రను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"నాకు మీ లెక్కలు తెలీవు" అన్నాడు చివరికి. "ఆ నీళ్ళు ఒకసారి చూసొస్తాను."

ఎవరూ ఆపలేదు. ఆపాలని తోచేలోపే ఆయన తలుపు దాటాడు. తలుపు దగ్గర నెల్లా ముందు ఒక్క క్షణం నిలబడ్డాడు. ఆయన వెళ్ళిపోగానే ఆమె గోడనున్న టార్చి తీసుకుని ఆయన వెనకే బయటికి నడిచింది. ఒంటరిగా ఎవరూ కట్టెక్కకూడదన్నది ఆ దళంలో అన్నిటికంటే పాత నియమం.

"అవునో కాదో ఒక్కటే చెప్పండి" అన్నాడు బౌదవైన్. సరదా మొత్తం పోయింది. "సైరన్ మోగించమంటారా?"

"మోగించండి" అంటూనే డింగెనా బయటికి పరుగెత్తింది.

గాలి ముఖాన కొట్టింది. కోటు గోదాంలోనే మరిచిపోయింది. ఇన్నేళ్ళూ ఆ కట్టను కాగితాల మీద చూసిందే తప్ప, గాలివానలో ఒక్కసారీ దాని దగ్గరికి రాలేదు. వెలుతురు తగ్గిపోతోంది. వీధి చివర గడ్డి వాలు నల్లగా కనిపిస్తోంది. అవతల సముద్రం కనబడదు, దాని హోరు మాత్రం నేలలోంచి వస్తున్నట్టు అరికాళ్ళకు తెలుస్తోంది. ఆమె పళ్ళు టకటక కొట్టుకున్నాయి. భయం వేసింది. భయం ఇలా ఉంటుందా అనిపించింది. రెండు నెలల్లో ఆమెకు ఏదైనా అనిపించడం ఇదే మొదలు.

వెనక సైరన్ మొదలైంది. ఇళ్ళలో దీపాలు ఒక్కొక్కటీ వెలుగుతున్నాయి. తలుపులు తెరుచుకుంటున్నాయి. ఎవరో తల్లి పిల్లల్ని పేరు పెట్టి పిలుస్తోంది. డింగెనా ఆ జనానికి ఎదురుగా, కట్ట వైపు పరుగెత్తింది. మొదటి మెట్టు మీద కాలు పెట్టి, గాలికి కళ్ళ ముందు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూసింది. "మామయ్యా" అని పిలిచింది. "నెల్లా" అని పిలిచింది. గాలి ఆ పిలుపులను ఊరి వైపుకే తోసేసింది.

కట్ట నడినెత్తిన నారింజ రంగు కోటు కదులుతోంది. దాని చేతిలో టార్చి వెలుగు అటూ ఇటూ ఊగుతోంది, కింద లోపలి వాలు మీద ఏదో వెతుకుతున్నట్టు. దళంలో అందరి కోట్లదీ అదే రంగు. టార్చి చేతులు మారి ఉండొచ్చు, ఇంత దూరం నుంచి అది మామగారో నెల్లానో ఆమె పోల్చుకోలేకపోయింది. కట్ట మీద కనిపిస్తున్నది మాత్రం ఒక్క మనిషే.